సంతానం కలగనప్పుడు భర్త కూడా పరీక్షకు రావాలి



పెళ్ళయి రెండేళ్ళు గడిచినా కోడలి కడుపు పండకపోతే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు, మొక్కులు మొక్కిస్తారు, గొడ్రాలంటారు. కొడుకును మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఇది న్యాయమా? సంతానం లేని దంపతులలో దాదాపు సగం మంది విషయంలో, పూర్తిగానో కొంతవరకో, పురుషునిలోని లోపమూ కారణమే.

కదలిక అంటే ఏమిటి?

1677లో హాలెండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణాలను చూసి, అవి తోకలాడిస్తూ ఈదుతున్నాయని గమనించాడు. ఆ ఈత లేనిదే కణం అండాన్ని చేరలేదు. అందుచేత కణాల సంఖ్య ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణం ప్రకారం కనీసం 42 శాతం కణాలు కదలాలి, 30 శాతం ముందుకు సాగాలి. అంతకు తగ్గితే బిడ్డలు పుట్టరని కాదు, కష్టం కావచ్చునని అర్థం. ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకుండా మరోసారి చేయించాలి. ఇది మగతనానికి సంబంధించిన తీర్పు కాదు. సిగ్గుపడవద్దు.

కారణాలు

వృషణాలకు శరీరంకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. బట్టీల వద్ద ఎడతెగని పని, వృషణాల వద్ద రక్తనాళాలు ఉబ్బడం, అంటురోగాలు, పొగాకు, మితిమీరిన మద్యం, కండల కోసం వేయించుకునే హార్మోన్ సూదులు హాని చేస్తాయి. కణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కనుక నేడు బీడీ మానినవాడు ఫలితం కోసం మూడు నెలలైనా ఓపిక పట్టాలి.

శ్రీసభ బోధ

లోపానికి చికిత్స పొందడం మంచిదే. అయితే బిడ్డ మనకు రావలసిన బాకీ కాదు, దేవుని వరం. దాంపత్య కలయికను పక్కకు నెట్టి ప్రయోగశాలలో పిండాన్ని సృష్టించే పద్ధతులను శ్రీసభ 1987 నాటి బోధనలో అంగీకరించలేదు. పరీక్షకు వీర్యాన్ని దాంపత్య కలయిక ద్వారానే సేకరించే మార్గముంది. వైద్యుని అడగండి, సందేహముంటే మీ విచారణ గురువుతో మాట్లాడండి. చికిత్స ఫలించకపోయినా మీ వివాహం వ్యర్థం కాదు. దిక్కులేని బిడ్డను దత్తత తీసుకోవచ్చు, పరసేవలో ఫలించవచ్చు.

ఆలోచించండి

హన్నా కన్నీరు పెట్టినప్పుడు ఎల్కానా ఆమెను నిందించలేదు, ఓదార్చాడు. ఎగతాళి చేసినది పెనిన్నా. మన ఇంట్లో మనం ఎవరి పాత్ర పోషిస్తున్నాం? భర్తలారా, ఈసారి ఆసుపత్రికి మీ భార్యను ఒంటరిగా పంపకండి. ఆమె పక్కన మీరూ కూర్చోండి.