బిరుదమును పురస్కారమును

మన ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి 1915లో ఆంగ్ల ప్రభుత్వము 'సర్' బిరుదము నొసగెను. నేటికిని మనము వారిని 'సర్ ఎం.వి.' అనియే పిలుచుచున్నాము. ఆంగ్లదేశమున నటులకును ఆ గౌరవము దక్కుచున్నది. రాబోవువారెవరని జనులు ఊహించుటయు కలదు. మన రాజ్యాంగపు 18వ అధికరణము అట్టి బిరుదములను రద్దు చేసినది. పద్మ పురస్కారములను పేరునకు ముందువెనుకల చేర్చరాదని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఎన్.టి. రామారావుగారికి 1968లో పద్మశ్రీయు, చిరంజీవిగారికి 2024లో పద్మవిభూషణమును లభించినవి. ఎస్.వి. రంగారావుగారికి, సావిత్రిగారికి ఏదియు రాలేదు. ఎంత నటులు వారు! మరణించినవారికి సామాన్యముగా నీయరు గనుక ఆ లోటు తీరునది కాదు.

అయితే సిఫారసు చేయు హక్కు ప్రతి పౌరునికిని కలదు. తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి, జీవించియున్న కళాకారులలో ఎవరి పేరు వ్రాయుదమో ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము. పౌరాణిక నాటకములాడు బాగేపల్లి, చింతామణి నటులను మరువరాదు సుమా.