లావా మీద మొలిచిన పగడాల తోట

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు సముద్రం దూరం, రాయి దగ్గర. కొడంగల్ వైపు కనిపించే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం నేల మీద పారి గడ్డకట్టిన లావా. అలాంటి లావా సముద్రంలో పారితే అక్కడి పగడాలు ఏమవుతాయి? మళ్ళీ ఎలా వస్తాయి? తెలుసుకుందాం.

పగడం అంటే ఏమిటి?

పగడం రాయి కాదు, చెట్టూ కాదు. అది జంతువు. పాలిప్ అనే ఈ చిన్న జీవి సముద్రపు నీటి నుండి కాల్షియం తీసుకొని తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని శరీరంలో ఉండే శైవలాలు ఎండ సాయంతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. ఇలా తరతరాల గూళ్ళు పేరుకొని పగడపు దిబ్బలు ఏర్పడతాయి.

అగ్నిపర్వతం పేలితే?

మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి. నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి 1991లో మేల్కొంది. లావా సముద్రం దాకా పారింది. నేడు ఆ దీవి చుట్టూ నీటిలో పగడాలు ఉన్నాయి.

ఇండోనేషియాలోని బాండా దీవుల్లో గునుంగ్ అపి అగ్నిపర్వతం 1988లో పేలినప్పుడు లావా కింద పగడపు దిబ్బ కప్పబడిపోయింది. ఐదేళ్ళ తర్వాత శాస్త్రజ్ఞులు చూస్తే, అలల తాకిడి తక్కువగా ఉన్న లావా మీద 124 జాతుల పగడాలు పెరిగి ఉన్నాయి! కొన్ని బల్ల ఆకారపు పగడాలు 90 సెంటీమీటర్ల వెడల్పును దాటాయి. హవాయి దీవుల్లో ఇదే పనికి 20 నుండి 50 ఏళ్ళు పడుతుందని 1974లో అంచనా వేశారు.

ఎలా సాధ్యమైంది?

1. చల్లారిన లావా మీద సూక్ష్మజీవులు, శైవలాలు పల్చని పొరగా పడతాయి.

2. దగ్గరి దిబ్బల్లోని పగడాలు అండాలను, శుక్రకణాలను నీటిలోకి వదులుతాయి. వాటి నుండి పుట్టిన డింభకాలు ప్రవాహంలో కొట్టుకువస్తాయి.

3. డింభకం కదలని గట్టి రాయిని చూసుకొని అతుక్కుంటుంది. వదులు బూడిద, గులకల మీద నిలవలేదు. తర్వాత పాలిప్‌గా మారి, కోరకీభవనం ద్వారా ఒకటి పదిగా పెరుగుతుంది.

4. చేపలు నాచును మేసి, చిన్న పగడాలకు చోటు మిగులుస్తాయి.

అసలు రహస్యం

మన గొలుసుకట్టు చెరువులనే తీసుకుందాం. కింది చెరువు ఎండినా, పై చెరువు అలుగు పోస్తే నీటితోపాటు చేప పిల్లలు దిగివస్తాయి. అన్ని చెరువులూ ఒకేసారి ఎండితే వచ్చేదెక్కడి నుండి? పగడాలకూ అంతే. లావా ఒక దిబ్బను చంపుతుంది, పక్క దిబ్బను వదిలేస్తుంది.

వేడెక్కిన సముద్రం అలా వదలదు. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తమలోని శైవలాలను కోల్పోయి తెల్లబారతాయి. ఆ వేడి తగ్గకపోతే చనిపోతాయి. 2010లో అండమాన్ పగడాలకు ఇదే జరిగింది. 2024లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబారుతున్నాయని ప్రకటించారు. చరిత్రలో ఇది నాలుగోసారి.

మిత్రులారా! లావాను మనం ఆపలేం. సముద్రాన్ని వేడెక్కిస్తున్నది మాత్రం మనుషులు కాల్చే బొగ్గు, పెట్రోలే. రాయి చల్లారితే చాలదు, దాని మీదికి ప్రాణం రావాలంటే పక్కన ప్రాణం మిగిలి ఉండాలి.