తొంబదియారు సగముల సంఖ్య

రెండును రెట్టింపు చేయుచు పోయిన ఎంత దూరము పోవచ్చునో అనుయోగద్వార సూత్రములో ఒకచోట కనిపించును. మనుష్యుల కనిష్ఠ సంఖ్యను చెప్పుచు ఆ గ్రంథము కొన్ని గుర్తులు ఇచ్చినది. ఆ సంఖ్యకు ఇరువదితొమ్మిది స్థానములు; అది రెండు యొక్క ఆరవ వర్గమును అయిదవ వర్గముచే గుణించగా వచ్చునది; తొంబదియారు మారులు సగము చేయుటకు వీలైనది. ఈ మూడును ఒకే సంఖ్యను చెప్పుచున్నవా? పలక మీద తేల్చుకొందము.

రెండును రెండుచే గుణించిన 4, ఇది మొదటి వర్గము. దానిని దానిచేతనే గుణించిన 16, పిమ్మట 256, 65536. అయిదవది 4294967296. ఆరవది 18446744073709551616. అయిదవ దానిలో 32 రెండ్లు, ఆరవ దానిలో 64 రెండ్లు ఉన్నవి. రెంటిని గుణించిన 96 రెండ్లు. సగము చేయుట యనగా ఒక రెండును తీసివేయుటయే గదా! వీరసేనాచార్యుల ధవళా టీకలో ఈ సగములకు అర్ధచ్ఛేదములని పేరు. సంఖ్యలను గుణించినచో వాని అర్ధచ్ఛేదములు కూడుకొనును. ధవళ తొమ్మిదవ శతాబ్దిది. నేపియర్ లాగరిథముల గ్రంథము 1614లో వెలువడినది. అయినను నేపియర్ పట్టికల పనియంతయు అర్ధచ్ఛేదములు చేసినవనుట అతిశయోక్తి యగును.

ఇక స్థానములు. పదిమారులు రెట్టించిన 1024, వేయికి కొంచె మెక్కువ. తొంబది మారులు రెట్టించిన, ఒకటి తరువాత 27 సున్నలు గల సంఖ్యకు సుమారు ఒకటింబావు రెట్లు. మిగిలిన ఆరు మారులకు 64 రెట్లు. కనుక మొదట 79, దాని వెనుక 27 స్థానములు, మొత్తము ఇరువదితొమ్మిదే. పూర్తి సంఖ్య ఇది:

7922 81625 14264 33759 35439 50336

ఇది వర్గమును అగును, ఘనమును అగును. భాజకములు 97, ఒకటి తప్ప బేసి భాజకము లేదు.

ఇంత పొడవు సంఖ్యను తప్పులేకుండ నకలు తీయుట యెట్లు? 64ను 9చే భాగించిన శేషము 1. 96లో ఆరు పదునారు మారులు పోవును. కావున ఈ సంఖ్యకును శేషము 1 రావలెను. అంకెల మొత్తము 127, దాని నుండి 10, దాని నుండి 1. సరిపోయినది. కాని ఈ పరీక్షను నమ్ముకొని నేను మోసపోతిని. మొదటి నకలులో 51కి బదులు 15 వ్రాసితిని, మొత్తము మారలేదు. చిట్టాకు ఆవర్జాకు తేడా 9చే నిశ్శేషముగా పోయినచో అంకెలు తారుమారైనవేమో యని గుమాస్తాలు వెదకుట ఇందువలననే.

పదకొండు ఆ తప్పును పట్టును. 1024ను 11చే భాగించిన శేషము 1. 96లో తొమ్మిది పదులు పోగా ఆరు మిగులును. 64కు శేషము 9. ఇప్పుడు కుడినుండి బేసి స్థానముల అంకెలు కూడిన 79, సరి స్థానములవి 48. తేడా 31, పదకొండుచే శేషము 9. నా తప్పు నకలులో 75, 52 వచ్చినవి. తేడా 23, శేషము 1. ప్రక్కప్రక్క నున్న వేర్వేరు అంకెలు రెండు తారుమారైనచో ఈ లెక్క తప్పక చెడును.