కొల్లేటి గట్టున పక్షులను చూద్దాం

ఈ పాఠంలో ఒక చిత్తడి నేలకు వెళ్లి పక్షులను గమనించడం, ఫొటోలు తీయడం గురించి తెలుసుకుందాం. మీ దగ్గర కెమెరా లేకపోయినా ఫరవాలేదు. నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు ఇందులో కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. సరస్సులో చేపల చెరువులు విపరీతంగా పెరగడంతో 2006లో చాలా చెరువుల గట్లు తెగగొట్టించారు.

ఆశ్వయుజ మాసంలో ఒకనాడు, మధ్యాహ్నం మూడు దాటాక, మీరు కైకలూరు దగ్గరి ఆటపాక చేరారనుకోండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. అప్పుడు పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి.

ముక్కు కింద సంచి ఉన్న పెద్ద పక్షి గూడబాతు. ఆ సంచిలో చేపలు దాచుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వల వంటిది. నీటితో సహా చేపను పట్టి, నీరు వదిలేసి, చేపను మింగుతుంది. బరువైన పక్షి కాబట్టి ఎగిరే ముందు నీటిని కాళ్లతో తన్నుకుంటూ కొంత దూరం సాగుతుంది. ఫొటోకు అదే మంచి అదను.

సూదితోక బాతులు ఉత్తర దేశాల నుంచి అప్పుడప్పుడే వస్తుంటాయి. వాటిలో మగవి కూడా ఈ రోజుల్లో ఆడవాటిలాగే వెలిసిన రంగులో ఉంటాయి. పుస్తకంలోని బొమ్మతో సరిపోలలేదని కంగారు పడకండి.

ఇక అసలు విషయం, దూరం. గూడబాతులు చెట్లమీదా, వాటికోసం నీటిలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లమీదా గూళ్లు కడతాయి. చోటు ఎంచుకునే వేళ బెదిరితే ఆ చోటే వదిలిపోవచ్చు. పిల్లలు పొదిగిన తరువాత ప్రమాదం ఇంకా ఎక్కువ. అప్పుడే పుట్టిన పిల్లకు ఈకలుండవు. తల్లిదండ్రులే నీడ. పడవ దగ్గరకు వచ్చి అవి లేచిపోతే, ఎండ ఒకవైపు, కాకులు మరొకవైపు.

పక్షులు ఈకలు సవరించుకోవడం ఆపి, మెడలు చాచి మీవైపే చూస్తున్నాయా? అయితే మీరు ఎక్కువ దగ్గరకు వచ్చినట్లే. పడవ నడిపే ఆయన మీ ముచ్చట తీర్చాలని ఇంకా ముందుకు పోనివ్వవచ్చు. “ఇక్కడ చాలు బాబాయ్, వెనక్కి తిప్పు” అనండి. ఫొటోలో పక్షి చిన్నదిగా పడుతుంది, పడనివ్వండి. చుట్టూ ఉన్న నీరు, తుంగ కూడా కనిపించే ఫొటో చదువుకునేవారికి ఎక్కువ ఉపయోగం.

పాఠ్యగత ప్రశ్నలు

1. గూడబాతు ముక్కు సంచి ఎలా పని చేస్తుంది?
2. పక్షులు బెదిరాయని ఎలా గుర్తిస్తారు?
3. మీ ఊరి చెరువు దగ్గర అరగంట కూర్చోండి. తేదీ, సమయం, చూసిన పక్షులు, వాటి సంఖ్య రాయండి. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్ల ఆకారం గీయండి.