పాత సర్వే కాగితములలో కుటుంబ చరిత్ర

ముత్తాత పేరు చెప్పలేనివారు సైతము “చెరువు క్రింద మూడవ మడి మా పెద్దలది” అని చెప్పగలరు. ఆ మడికి ఒక సర్వే నంబరు ఉన్నది. ఆ నంబరును పట్టుకొని వెనుకకు పోయినచో కుటుంబము యొక్క జాడ కొన్ని తరములవరకు తెలియవచ్చును.

పూర్వపు మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే 1858 ప్రాంతమున ఆరంభమైనది. దానినుండి మనకు మూడు కాగితములు ముఖ్యము. మైలుకు 16 అంగుళముల చొప్పున గీసిన గ్రామపటము మొదటిది. ఒక్కొక్క నంబరుకు కొలతలు చూపు ఎఫ్.ఎం.బి. రెండవది. విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు గల రీసెటిల్మెంటు రిజిస్టరు మూడవది, దీనినే ఆర్.ఎస్.ఆర్. అందురు. పటములో పేర్లుండవు, రిజిస్టరులో గట్లుండవు. కనుక రెండును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను. పాత ఎఫ్.ఎం.బి.లోని అంకెలు అడుగులు కావు, లింకులు. 100 లింకులు ఒక గొలుసు, అనగా 66 అడుగులు; వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు.

ఇక చదువు పద్ధతి. మీ పొలము 112-3 అనుకొనుడు. 112-1, 112-2 ఎవరివో చూడుడు. మూడును సమానముగా ఉండి, పట్టాదారుల తండ్రి పేరు ఒకటే అయినచో అది అన్నదమ్ముల పంపకము కావచ్చును. ముక్కల ఆకారము కూడ గమనింపదగినది. అడ్డముగా కోసిన సులభమయ్యెడి పొలమును సన్నని పొడుగు పట్టీలుగా చీల్చినారంటే, ప్రతి వాటాకును బోదె నీరో, బండిబాటో అందవలెనని పెద్దలు తలచినారన్నమాట. అయితే తండ్రి పేర్లు వేరైనచో అది అమ్మకమై ఉండవచ్చును. దస్తావేజు చూడకుండ నిర్ణయింపరాదు. పొరుగు నంబర్ల పేర్లు కూడ వ్రాసికొనుడు. మేనమామలు, అల్లుళ్లు తరచుగా గట్టు ప్రక్కనే దొరకుదురు.

ఇనాము భూములున్న కుటుంబములకు మరియొక ఆధారము గలదు. 1858 తరువాత ఇనాము కమిషను వ్రాయించిన ఫెయిర్ రిజిస్టరులో అప్పటి ఇనాముదారు పేరు, వయస్సు, పూర్వపు ఇనాముదారునితో అతని బంధుత్వము కనబడును. వడ్రంగము, కమ్మరము వంటి గ్రామసేవల మాన్యములు కూడ ఇందులో చేరినవి. మా దృష్టిలో వంశవృక్షమునకు ఇంతకంటె మంచి కాగితము అరుదు.

జమీందారీ గ్రామములలో చాలవాటికి సమగ్రమైన సర్వే 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే జరిగినది. అచట సెటిల్మెంటు ఫెయిర్ అడంగలుతో ఆరంభింపవలెను. తెలంగాణములో సేత్వారు, టీపను, 1954-55 ఖాస్రా పహాణీ చూడవలెను. అచటి గొలుసు 33 అడుగులు, 16 అణాలు. కొలతలు కలిపి చదివినచో లెక్క తప్పును. ఖాస్రా పహాణీలో పట్టాదారుతోపాటు కబ్జాలోనున్నవాని పేరును గలదు. ఇది పెద్ద మేలు. ఏలనన, ఆర్.ఎస్.ఆర్. పట్టాదారునే చూపును, కౌలుకు దున్నినవారు, కూలిచేసినవారు, పుట్టినింటినుండి మడి తెచ్చుకొన్న ఆడపడుచు అందు కనబడకపోవచ్చును. పేరు లేనంతమాత్రమున ఆ కుటుంబము ఆ ఊరిలో లేదనుకొనరాదు.

కరణములున్నంతకాలము నంబరు, పేరు, బంధుత్వము ఒక్కరి నోటనే ఉండెడివి. ఆ ఉద్యోగము 1984లో రద్దైనది. ఆంధ్రప్రదేశములో 2020లో మొదలైన రీసర్వే పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చినవి. పాత నంబరు తెలియనిచో పాత రిజిస్టరు తెరచియు ప్రయోజనము లేదు. కనుక పాత నంబరు, క్రొత్త నంబరు, పొలము యొక్క వాడుక పేరు ఒకే కాగితముపై వ్రాసి ఇంట ఉంచుకొనుడు.

నకళ్లకు తహసిల్దారు కార్యాలయములోను, జిల్లా సర్వే కార్యాలయములోను దరఖాస్తు చేయవలెను. అచట లేని పాత రికార్డులకు రాష్ట్ర పురాభిలేఖాగారమును అడుగుడు. ఈ నకళ్లతో హద్దు తగాదాకు దిగరాదు. నేటి హక్కుకు నేటి రికార్డు, సర్వేయరు కొలత వేరుగా కావలెను. పటము చేతికి వచ్చిన పిమ్మట ఇంటి పెద్దను వెంటబెట్టుకొని పొలమునకు పొండు. రాయి, బావి, చింతచెట్టు ఒక్కొక్కటి చూపించి, వారు చెప్పిన పేర్లు నకలుపై పెన్సిలుతో అచటనే వ్రాయుడు.