ఒక్క గుండు చూసి నాబ్ తిప్పకండి



సంక్రాంతి తీర్థంలో బెలూన్లు కాల్చే స్టాల్ దగ్గర మీ పిల్లలు ఆగే ఉంటారు. ఎంత గురి పెట్టినా గుండు పక్కకి పోతుంది. "నీకు గురి లేదురా" అని మనం నవ్వేస్తాం. తప్పు పిల్లలదో తుపాకీదో తేల్చే పద్ధతి ఒకటుంది. ఎన్‌సీసీ పిల్లలనడగండి, గ్రూపింగ్ అంటారు. ఒకే చుక్కకి గురిపెట్టి వరసగా అయిదు గుండ్లు కాల్చాలి. అవి చెల్లాచెదురుగా పడితే పట్టు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే తీరు చూసుకోవాలి. అయిదూ దగ్గర దగ్గరగా, కానీ చుక్కకి ఎడమగా పడ్డాయా? పిల్లవాడి గురి బాగానే ఉంది, సైట్‌నే సరిచేయాలి.

అందుకోసమే రైఫిల్ స్కోప్ మీద టరెట్లు అనే రెండు గుండ్రటి నాబ్‌లుంటాయి. పైనున్నది గుండు పడే చోటును పైకీ కిందికీ జరుపుతుంది, పక్కనున్నది కుడి ఎడమలకు. తిప్పుతుంటే ఒక్కో మెట్టూ 'టిక్' మని చేతికి తెలుస్తుంది. అదే క్లిక్.

ఈ లెక్క మీ పదో తరగతి పిల్లలచేత చేయించండి. డిగ్రీలో 60వ వంతు ఒక మినిట్. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ అంటే పావు మినిట్. 100 మీటర్ల దూరంలో ఒక మినిట్‌కి సుమారు 29 మి.మీ. వస్తుంది, అంటే క్లిక్‌కి 7 మి.మీ. పైచిలుకు. గ్రూప్ 36 మి.మీ. కిందికి పడితే 5 క్లిక్కులు పైకి. 10 మీటర్లలో అదే క్లిక్ 0.7 మి.మీ. మాత్రమే జరుపుతుంది. కోణం అదే, దూరమే పదో వంతయింది.

ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్ పెట్టనివ్వరు. వెనక సన్నటి రంధ్రమున్న సైట్ ఉంటుంది, దానికీ ఇలాంటి నాబ్‌లే, క్లిక్కులే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! అందుకే అసలు పోటీకి ముందు సైట్ సరిచూసుకోవడానికి 15 నిమిషాలిస్తారు. ఆ గుండ్లకు మార్కులుండవు.

చాలామంది పిల్లలు తడబడేది ఆ పావుగంటలోనే. చెయ్యి అదిరి ఒక గుండు ఎడమకి పోతుంది. వెంటనే నాబ్ కుడికి తిప్పేస్తారు. తర్వాత చక్కగా కాల్చింది కుడికి పోతుంది. మళ్లీ ఎడమకి. ఇలా చేస్తే సైట్ ఎక్కడుందో వాళ్లకే తెలియదు. దయచేసి మీరు వెనక నిలబడి "కాస్త కుడికి తిప్పు నాన్నా" అనకండి. గ్రూప్ పడనివ్వండి. ఎటు ఎన్ని క్లిక్కులు తిప్పారో నోట్‌బుక్‌లో రాయించండి. నాబ్ ముట్టుకునే ముందు రైఫిల్‌లో గుండు ఉండకూడదు, గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

తీర్థంలో తుపాకీకి క్లిక్కులుండవు లెండి. మొదటి మూడు గుండ్లు ఒకే బెలూన్‌కి కాల్చమనండి. అవి ఎటు, ఎంత పక్కకి పోతున్నాయో చూసి, నాలుగోదానికి అంత అవతలగా గురి పెట్టమనండి.