సాయంత్రం కాఫీ వేళ పది నిమిషాలు



పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, వీడు స్కూల్లోనైనా మాట్లాడతాడా? ఇంట్లో ఏం అడిగినా 'ఏమీ లేదు' అంటాడు." అదే బాబు లంచ్ బ్రేక్‌లో టిఫిన్ బాక్స్ చల్లారిపోయేదాకా కబుర్లు చెబుతుంటాడు. అంటే మాటలు రాక కాదు. మనం అడిగే వేళ, అడిగే తీరు చూసుకోవాలి. దీనికి కొత్త ట్యూషన్, కొత్త యాప్ ఏవీ అక్కర్లేదు. మీరు రోజూ తాగే సాయంత్రం కాఫీయో టీయో చాలు.

కాఫీ వేళే ఎందుకంటే, చేతిలో వేడి కప్పు ఉన్నప్పుడు ఎవరూ తొందరపడలేరు. ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. మధ్యలో మాట ఆగిపోయినా ఇబ్బంది ఉండదు, ఒక గుక్క తాగొచ్చు. స్వీడన్‌లో దీనికి ఒక పేరే ఉంది, 'ఫీకా'. కాఫీకి వాళ్ల పాత మాట అయిన 'కాఫీ'లోని అక్షరాలను అటూ ఇటూ తిప్పితే పుట్టిన పదం ఇది. అక్కడి ఆఫీసుల్లో పని ఆపి, పెద్ద చిన్న తేడా లేకుండా అందరూ కలిసి కూర్చుని కాఫీ తాగుతారు. మనకూ ఇది కొత్తేం కాదు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో 'వన్ బై టూ' చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో ఎన్ని పంచాయితీలు తేలిపోయాయో లెక్కలేదు. ఇంట్లో పిల్లలతో మాత్రం ఆ తీరిక మనకు దొరకడం లేదు.

ప్రశ్న, జవాబు, తీర్పు

బీఈడీలో మాకు క్లాసులో ప్రశ్నలు అడిగే పద్ధతి నేర్పుతారు. టీచర్ అడుగుతారు, విద్యార్థి చెబుతాడు, టీచర్ అది ఒప్పో తప్పో తేలుస్తారు. క్లాసుకు అది అవసరమే. ఇంట్లో కూడా అదే నడిస్తే ఇలా ఉంటుంది:

"స్లిప్ టెస్ట్ ఎలా రాశావ్?"

"బానే రాశా."

"ఎన్నొస్తాయి?"

"తెలీదు."

"మీ ఫ్రెండ్‌కి ఎన్నొస్తాయట?"

ఇక మాట అక్కడితో ఆగిపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి జవాబులు చెప్పీ చెప్పీ అలసిన పిల్లవాడికి ఇది ఇంకో పీరియడ్‌లా అనిపిస్తుంది.

అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970లలో ఒక చిన్న విషయం గమనించారు. క్లాసులో ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారు. ఈలోపు జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు. అదే కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబు రాకపోవడం తగ్గింది, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడగడం మొదలైంది. 3 సెకన్లు అంటే తక్కువే అనిపిస్తుంది కానీ, ప్రయత్నించి చూడండి, చాలా పొడవు! కాఫీ కప్పు ఇక్కడ పనికొస్తుంది. అడిగి, ఒక గుక్క తాగండి.

ఇంకో మాట. ముందు మీ సంగతి ఒకటి చెప్పండి. "ఈరోజు మా ఆఫీసులో లిఫ్ట్ ఆగిపోయింది రా, ఆరంతస్తులు నడిచి ఎక్కాం. మీ బస్సు టైముకే వచ్చిందా?"

"లేదు నాన్నా, రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లో వాళ్లు అంత్యాక్షరి ఆడారు."

"నువ్వూ ఆడావా?"

కాసేపు మౌనం. "నన్ను ఆడనివ్వరు."

అసలు విషయం ఇది. పిల్లల దగ్గర ముఖ్యమైన మాట ఎప్పుడూ పనికిరాని కబురు తోక పట్టుకునే బయటకు వస్తుంది. ఇప్పుడు మనకు రెండు మాటలు నోటిదాకా వస్తాయి. ఒకటి, "ఎవడు వాడు? రేపే మీ మేడమ్‌తో మాట్లాడతా." రెండు, "నువ్వే ఏదో చేసుంటావ్." రెండింటిలో ఏది అన్నా రేపటి నుంచి మళ్లీ 'ఏమీ లేదు' మొదలవుతుంది. "అలాగా... ఎన్నాళ్ల నుంచి?" అని ఆగండి. మాతో చెప్పాల్సిన విషయమైతే తప్పకుండా చెప్పండి, కానీ పిల్లవాడు పూర్తిగా చెప్పాక, వాడికి తెలిసేలా చెప్పండి.

మాట కలవనప్పుడు

పై తరగతుల పిల్లలతో ఇది ఇంకా కష్టం. తొమ్మిదో తరగతి అమ్మాయి "నాకు ఎంపీసీ వద్దు, ఎంఈసీ తీసుకుని సీఏ చేస్తా" అందనుకోండి. వెంటనే వాదన మొదలుపెట్టకుండా, ఆమె అన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "అంటే లెక్కలు ఇష్టమే, ఇంజినీరింగ్ మాత్రం వద్దంటున్నావ్, అంతేనా తల్లీ?" ఆమె "అవును" అన్నాకే మీ భయం చెప్పండి. భయాన్ని భయంగానే చెప్పండి, ఆజ్ఞగా కాదు. "ఆ దారి నాకు తెలియదమ్మా, అందుకే కంగారు" అనే తండ్రి మాటకు ఏ పిల్లా ఎదురు తిరగదు. ఇంకొకటి, ఆ పూట నిర్ణయం తీసుకోకండి. కప్పులు కడిగేలోపు తేల్చేయాలనుకుంటేనే గొంతులు పెరుగుతాయి. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు ఇద్దరు ఒక విషయంలో ఒప్పుకోకపోయినా మర్యాదగా మాట్లాడుకోవడం పిల్లలు చూడాలి. ఆ పాఠం మా సిలబస్‌లో లేదు.

ఈ పది నిమిషాలు ఏ భాషలో మాట్లాడాలని కొందరు అడుగుతారు. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నా, మీ ఇంటి భాషలోనే మాట్లాడండి. తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ. బస్సు ఎందుకు ఆగింది, తర్వాత ఏమైంది, తనకేమనిపించింది అని ఇంటి భాషలో వరుసగా చెప్పడం అలవాటైన పిల్లలకు, ఇంగ్లిష్‌లో పేరాగ్రాఫ్ రాసేటప్పుడు ఏం రాయాలో వెతుక్కునే పని ఉండదు. పదాలు, గ్రామర్ మేం చూసుకుంటాం. కాఫీ తాగుతూ "టెల్ మీ ఇన్ ఇంగ్లిష్" అంటే అది మళ్లీ వైవా అయిపోతుంది.

పిల్లలకు మాత్రం కాఫీ వద్దు, రాత్రి నిద్ర చెడుతుంది. పాలు, రాగి జావ, ఏదైనా సరే, కప్పు మాత్రం మీలాంటిదే ఇవ్వండి, వాళ్లకదో సరదా. ఫోన్లు, టీవీ రిమోట్ వేరే గదిలో ఉంచండి, మీవి కూడా. షిఫ్టు డ్యూటీల వల్ల రోజూ కుదరకపోతే వారానికి రెండు సార్లు చాలు.

హాస్టల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ పది నిమిషాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. మార్కులు ఎలాగూ మీ మొబైల్‌కు మెసేజ్‌లో వస్తాయి కాబట్టి ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఇంటి సంగతులు చెప్పండి. చెల్లి ఏం అల్లరి చేసిందో, వీధిలో ఎవరి పెళ్లి జరిగిందో చెప్పండి. తర్వాత "నీ సంగతులేంటి కన్నా?" అని అడిగి ఆగండి. అవతల నుంచి 3 సెకన్లు మాట రాకపోతే "హలో, వినపడుతోందా?" అని అరవకండి. లైన్ కట్ అయి ఉండదు.